చంకలో నవల

చేనేతవాళ్ల మీద వచ్చిన ఒక పాత నవలను మా దర్శకుడు ఎప్పుడూ చంకలోనే పెట్టుకునేవాడు. తెరవడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. దాన్ని ఈ కాలపు సినిమాగా మార్చడానికి నన్ను మాటలు రాయమన్నాడు. ఏం రాసినా అట్ట మీద తట్టి, "కాలం మారిపోయిండాదప్పా" అనేవాడు. అలా నేతగాడు శ్రీసిటీలో ఇంజనీరయ్యాడు. ఆకలి కాస్తా బ్రేకప్ అయింది. మగ్గాలు ఒక పాటకు మిగిలాయి.

ఆ పాటకని నగరి వెళ్లాం. మరమగ్గాల చప్పుడులో తన 'యాక్షన్' ఎవరికీ వినబడడం లేదని వీధి మొత్తం ఆపించాడు. ఆ వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేది ఎవరైనా చనిపోతేనే. ఎదురింటి అవ్వ కొంగు సర్దుకుంటూ బయటికొచ్చి, "ఎవురు పోయినారు నాయనా?" అని నన్నడిగింది.

నేను దర్శకుడి చంక వైపు చూపించాను.