సూతకంలో నీలి తొట్టి

ఒక మాటను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా పూర్తిగా నిజం కాదు. అది నన్ను ఏ పనీ చేయనీయకుండా ఆపలేదు. తిన్నాను, నిద్రపోయాను, పండగలకు కొత్త బట్టలు కట్టుకున్నాను. అంత తేలిగ్గా ఎలా ఉండగలిగానన్నదే ఇప్పుడు బరువుగా ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురలో ఒక చిన్న సంస్థలో పని చేసేవాణ్ణి. బాగేపల్లి వైపు ఒక ఊళ్ళో ఆడవాళ్ళు నీలి ఆకు రంగుతో అద్దిన కండువాలను మేము విదేశాలకు పంపేవాళ్ళం. ప్రతి కండువాకూ ఒక చీటీ, చీటీ మీద ఒక కోడ్ ఉండేవి. కొన్నవాళ్ళు ఫోన్‌తో స్కాన్ చేస్తే అద్దినామె పేరు, ఊరు, ఫోటో, ఏ నెలలో అద్దిందీ కనిపిస్తాయి. సరుకు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూపించనిదే అక్కడివాళ్ళు తీసుకోరు. ఆ చీటీలు కట్టించే పని నాది. ఇది నమ్మకం కోసం పెట్టిన పద్ధతి అని ఊరి ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేనే చెప్పేవాణ్ణి.

వాళ్ళలో చౌడమ్మ ఒకామె. చీటీకి ఫోటో తీసిన రోజు నీలం అంటిన చేతులను కొంగు కింద దాచుకుంది. పక్కనున్నామె, "పెళ్ళిచూపులా ఏమే, సిగ్గు పడతాండావు? చేతులు బయట పెట్టు. వాళ్ళు కొనేది నీ మొగం చూసి కాదు" అంది. అందరూ నవ్వారు. చౌడమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వే ఫోటోలో పడింది.

నీలి ఆకును పులియబెట్టి రంగు తీసే నీలి తొట్టి గురించి కొంచెం చెప్పాలి. దాన్ని రోజూ కలపాలి, బెల్లం వేయాలి, వాసన చూడాలి. కొన్నాళ్ళు వదిలేస్తే చచ్చిపోతుంది. మళ్ళీ లేపడానికి వారాలు పడుతుంది. ఇంట్లో ఎవరైనా పోతే, దినాలు గడిచేవరకు ఆ ఇంటివాళ్ళు తొట్టి మూత కూడా తీయరు. సూతకం ఉన్న చెయ్యి తగిలితే ఆ తొట్టిలోదే కాదు, ఊళ్ళో తొట్లన్నిట్లో రంగూ విరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. నేను నమ్మను. కానీ ఆ ఊళ్ళో అది తేలిక విషయం కాదని నాకు బాగా తెలుసు.

ఒక పెద్ద ఆర్డరు మధ్యలో చౌడమ్మ భర్త పోయాడు. పూడ్చే రోజు నేను మట్టికి వెళ్ళాను. వసారా మూలలో ఆమె తొట్టి మూత మీద రాయి పెట్టి ఉంది. దాని పక్కనే ఆమె వంతు తెల్ల కండువాలు మడతపెట్టి ఉన్నాయి. అంత దుఃఖంలోనూ నా కళ్ళు వాటి మీదికే పోయాయి. అది తప్పు అనను. పని చేసేవాడి కళ్ళు అలాగే పోతాయి. తప్పు తర్వాత జరిగింది.

కొన్ని రోజులకు వెళ్ళి ఆ కండువాలు తెచ్చేశాను. "నేను చూసుకుంటానమ్మా" అన్నాను. తక్కిన ఆడవాళ్ళకు పంచుతాననుకుంది కాబోలు. వాళ్ళ తొట్లకు అప్పటికే తలకు మించిన పని ఉంది. నేను చింతామణిలో ఒక అద్దకం వాడి దగ్గరికి వెళ్ళాను. నీలం ముదురుగా రావాలన్నాను. ఏం కలుపుతున్నావని అడగలేదు. అడిగితే వెనక్కి తేవలసి వస్తుందని భయమా? అవుననే అనుకుంటున్నాను. సాయంత్రానికి ఆరిపోయాయి. వాటికి చౌడమ్మ పేరున్న చీటీలే కట్టాను. కోడ్‌లు అప్పటికే ఆమె పేరు మీద ఇచ్చేసి ఉన్నాయి, మార్చాలంటే కారణం రాయాలి, కారణం రాస్తే సరుకు ఆగుతుంది. ఆమె వంతు పోకుండా కాపాడుతున్నానని కూడా ఆ రోజు అనుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే మాటల్లో ఇలాంటివి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

విదేశాల్లో కొన్నవాళ్ళు చేయించిన పరీక్షలో ఆ కండువాల్లో నిషేధించిన రసాయనపు రంగు బయటపడింది. కోడ్ చూస్తే చౌడమ్మ నవ్వుతున్న ముఖం. ఏం చర్య తీసుకున్నారని అడిగారు. ఆమెను తీసేశామని నేనే జవాబు రాశాను. ఒక్కర్ని తీసేస్తే తక్కిన ఆడవాళ్ళ పని నిలబడుతుంది. ఇది అబద్ధం కాదు. కానీ తీయవలసింది నన్ను.

ఊళ్ళో ఇంకొకటి జరిగింది. దాన్ని నేను ఊహించలేదు. సరుకు చెడిందన్న వార్త చేరగానే, చౌడమ్మ సూతకంలోనే తొట్టి ముట్టిందని వాళ్ళు అనుకున్నారు. రంగు చెడడానికి వాళ్ళకు తెలిసిన కారణం అదే. మొగుడి దినాలు కూడా ఆగలేకపోయిందన్నారు. ఎవరి తొట్టికి ఏమైనా ఆమె వైపే వేలు చూపేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడింది. పడినప్పుడు నాకు కలిగింది బాధ కాదు, ఊరట. ఇక చింతామణి సంగతి ఎవరూ అడగరు. ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పనిది ముఖ్యంగా ఇదే.

ఆమె బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అప్పా, ఆ దినాల్లో నేను తొట్టి కాడికే పోలేదు. మీరు చూసినారు గదా. మూత మింద రాయి ఉండె."

"కంప్యూటర్‌లో నీ పేరే చూపిస్తాండాదమ్మా" అన్నాను.

"దానికి నా పేరు చెప్పింది ఎవరప్పా?"

నేను కంప్యూటర్ తెర వైపు తిరిగాను.

"మా ఇంటి ఆయప్ప పోయింది ఆ కంప్యూటర్ చూసిందా? మట్టికి వచ్చింది మీరు, అది కాదు" అంది. "మందు రంగు కలిపినానని పరాయి దేశమోళ్ళు అంటే అననీ. వాళ్ళు యాడనో ఉండారు. సూతకంలో ముట్టలేదని మా ఊళ్ళో ఒక్క మాట చెప్పండప్పా. మీ మాటయితే వింటారు."

పనిలో మళ్ళీ పెట్టుకోమని అడగలేదు. నన్ను నిలదీయనూ లేదు. ఆమె అడిగింది ఒక్క మాట. ఆ మాట చెబితే, మరి ఆ కండువాలు ఎవరు అద్దారన్న ప్రశ్న వస్తుంది.

"చూస్తానమ్మా" అన్నాను.

చూడలేదు. ఆ తర్వాత ఆ ఊరి పని ఇంకొకరికి అప్పగించాను. చౌడమ్మ చెండుపూల, అదే బంతిపూల, తోటల్లో కూలికి పోతోందని విన్నాను.

ఈ ఏడు నా భార్య పోయింది. సూతకం దినాల్లో ఇంట్లో ఊరికే కూర్చున్నాను. చదువుకున్నవాణ్ణి, ఈ ఆచారాల మీద నాకు పట్టింపు లేదు. అయినా చేతులు దేని మీదికీ పోలేదు. పుస్తకం తీస్తే ఒక్క పుట చదవలేకపోయాను. చౌడమ్మ ఆ రోజుల్లో తొట్టి కలిపి ఉంటుందని అనుకోవడం ఎంత అన్యాయమో అప్పుడు తెలిసింది. అది నమ్మకానికి సంబంధించిన విషయం కాదు. చేతకాదు, అంతే.

ఆ దినాల్లోనే ఆమె మా ఇంటికి వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. గడప దగ్గర కూర్చుంది. వేళ్ళకు నీలం లేదు, గోళ్ళలో కూడా లేదు. నా భార్య గురించి అడిగింది, ఎన్నాళ్ళు బాధపడిందని. చెప్పాను. అప్పుడు, "ఏ పనీ ముట్టుకోవద్దప్పా. ఈ దినాలు చెయ్యి ఊరికే ఉండాల" అంది.

అది ఓదార్పు మాటా, ఇంకేమైనా ఉందా దాంట్లో? ఆమె ముఖంలో నాకేమీ కనిపించలేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. "కాఫీ తాగుతావా" అన్నాను. వద్దంది. కాసేపటికి లేచి, చెప్పకుండా వెళ్ళిపోయింది. చావు ఇంటి నుంచి పోయొస్తానని చెప్పకూడదు. అది పద్ధతి. పద్ధతి కాబట్టే అలా వెళ్ళిందో లేదో నేను ఎప్పటికీ తెలుసుకోలేను.

రాస్తూ ఉండగా ఒకటి గమనించాను. మా వైపు మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం. ఆ ఊళ్ళో ఈ తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు దాదాపు లేరు. ఒప్పుకోవడానికి కూడా నేను వాళ్ళు చదవలేని చోటే వెతుక్కున్నాను. వాళ్ళకు నోటితో చెప్పాలి. ఇంకా చెప్పలేదు. చెబుతానని ఇక్కడ మాట ఇస్తే అది ఇంకో "చూస్తానమ్మా" అవుతుంది. అందుకే ఇవ్వను.

కానీ ఆమె అడిగిన మాట మాత్రం ఒకసారి పూర్తిగా రాసి చూడాలనిపించింది.

ఆ కండువాలను చింతామణిలో అద్దించింది నేను. చౌడమ్మ సూతకంలో తొట్టి ముట్టలేదు.

ఇంతే. రాస్తే రెండు వరుసలు కూడా నిండలేదు.