చెప్పులతో ఎక్కిన స్టేజి

మైకుకు దస్తీ, అదే చేతిరుమాలు, చుట్టకుండా నేనెన్నడూ పాడలేదు. ఎంగిలి అంటకుండా అని కొందరు అనుకునేవాళ్లు, సోకు అని కొందరు. రెండూ కాదు, భయం. మైకు జాలీకి పెదవి తగిలితే కరెంటు కొడుతుందని భయం. ఆ రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పాడిన ఆడవాళ్లను ఎవరినైనా అడగండి, ఇదే మాట చెబుతారు.

ఆ భయం పుట్టిన చోటు మా ఇంట్లోనే ఉండేది, మంచం పక్కన. మా ఆయన గిటార్ ఆంప్లిఫయర్. సికింద్రాబాదులో ఒక క్లబ్బు బ్యాండు మూతపడితే పాతది కొనుక్కొచ్చాడు. పాత రేడియోల్లో ఉన్నట్టు లోపల గాజు వాల్వులు. స్విచ్చు వేశాక అవి ఎర్రగా కాగేదాకా కాసేపు ఊరికే కూర్చోవాలి. ముందు దుమ్ము మాడిన వాసన వస్తుంది, తర్వాత సన్నగా గుర్రుమంటుంది. ఆ వాసన వస్తే ఆయన ముఖం వెలిగేది, నేను మంచం ఆ చివరికి జరిగేదాన్ని. వెనక రేకు మీద ఎర్రరంగు పుర్రె బొమ్మ, దాని కింద ఏదో రాత. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. ఈ వయసులో తెలుగు నేర్చుకున్నాను గానీ ఆ రాత ఇంగ్లీషు, ఇప్పటికీ చదవలేను. పుర్రెను చూసి భయపడడానికి చదువెందుకు.

దాని ప్లగ్గు ఎప్పుడో పగిలిపోయింది. ఎక్కడికి పోయినా తీగలు రెండు ఒలిచి సాకెట్లో పెట్టి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించేవాడు. మూడో తీగ ఒకటుండేది, తప్పిన కరెంటును భూమిలోకి దింపేది. దాన్ని మడిచి టేపు చుట్టేశాడు.

"అదెందుకు? రెండుంటే మోగుతది గద" అనేవాడు.

ఒకసారి కూకట్‌పల్లిలో పెళ్లి. మొగుడూ పెళ్లాం ఒకే మైకులో పాడితే జనానికి మహా ఇష్టం, డ్యూయెట్ వచ్చిందంటే ఆయన గిటార్ వాయిస్తూనే నా మైకు దగ్గరికి వంగేవాడు. ఆ రోజు కూడా వంగాడు. పెదవి దస్తీ దాటి మైకు అంచుకు తగిలింది. ఎవరో గుంజి పారేసినట్టు వెనక్కి పడ్డాడు. గిటార్ కీచుమని అరిచింది. అది కూడా ఆటలో భాగమనుకొని జనం ఈలలు వేశారు. ఆయన లేచి కూర్చొని, నీళ్లు తాగి, పెదవి తుడుచుకొని నవ్వాడు. మళ్లీ మొదటి నుంచి వాయించాడు. నేను పాడానో లేదో నాకు గుర్తు లేదు.

మైకుసెట్టు అతను మా వాడే, తమ్ముడి లెక్క. ఆయనకు చెప్పి చూశాడు. "అన్నా, ఉత్త కాళ్లతోని నిలబడకు. రబ్బరు చెప్పులేసుకో, జర నయం."

"స్టేజి మీద చెప్పులా? పాటల తల్లి నిలబడే జాగ అది. చెయ్యి పడిపోతది."

అందరం అంతే. మెట్ల కింద చెప్పులు విడిచి, మెట్టుకు దండం పెట్టుకొని ఎక్కేవాళ్లం. నేనూ అట్లనే ఎక్కేదాన్ని. కానీ కూకట్‌పల్లి తర్వాత ప్రతి పాటలో నా కన్ను ఆయన పాదాల మీదనే ఉండేది.

మాదాపూర్‌లో అప్పుడే గుట్టలు పేల్చి అద్దాల బిల్డింగులు లేపుతున్నారు. మా వాళ్లు మేకలు తోలుకుపోయిన జాగ. అక్కడ ఒక ఆఫీసోళ్ల ఫంక్షన్‌కు మమ్మల్ని పిలిచారు. బిల్డింగు వెనక కొత్తగా పరిచిన గడ్డి, దాని మీద స్టేజి. మధ్యాహ్నం వాన కొట్టింది. మేము పోయేసరికి స్టేజి మీద పరిచిన జంపఖానా తడిసి, కాలు పెడితే నీళ్లు ఊరుతున్నాయి. అది చూడగానే నేను ఆయన పాదాల వైపు చూశాను.

ఆ ఆఫీసులోనే పనిచేసే ఒకతను వచ్చాడు, కోస్తా వైపు మాట, గిటార్ పిచ్చి ఉన్నవాడు. చంకలో టిఫిన్ డబ్బా అంత ఎర్ర పెట్టె.

"అంకుల్, ఇది ప్లగ్ చేసి చూడండి. డిజిటల్ అండి. బయటి దేశం ప్రాజెక్టుకు వెళ్లినప్పుడు తెచ్చుకున్నాను. ఆంప్లిఫయర్ అక్కర్లేదు, నేరుగా మైకుసెట్టు మిక్సర్‌కే. ఆటోలో చూశాను, మీ ఆంప్లిఫయర్ కూడా ఇందులో ఉందండి."

"నాది ఆటోల ఉంది బిడ్డా. నీ డబ్బలకెప్పుడు దూరింది?"

"అంటే, దాని సౌండు అంతా లెక్కల్లోకి మార్చి పెట్టారండి. అమెరికావి, ఇంగ్లండువి, పెద్ద పెద్దవన్నీ ఉన్నాయి. ఇలా తిప్పితే మారిపోతాయి."

"కాలిన వాసన గూడ పెట్టిన్రా?"

"అది ఇంకో మోడల్లో పెడతారేమోనండి."

ఆయన పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. "దాంట్ల కరెంటు కొడుతదా?" అని అడిగాను.

"లేదాంటీ, చిన్న అడాప్టర్ అంతే. ఇందులో వాల్వులు లేవు, ఏమీ లేవు."

నాకు ఆ ఎర్ర పెట్టెకు దండం పెట్టాలనిపించింది. ఆయనతో అన్నాను, "ఇయ్యాల దీంతోనే వాయించు. ఆ దయ్యం ఆటోలనే ఉండనియ్."

"ముందు వినవే."

ముందు డబ్బాతో వాయించాడు. నిజం చెప్పాలంటే బాగుంది. గుర్రు లేదు, మురికి లేదు, కడిగిన గ్లాసు లెక్క శబ్దం. కింద కుర్చీల్లో కూర్చున్నవాడికి తేడా తెలియదు. స్టేజి మీద నిలబడ్డదాన్ని, నాకు తెలిసింది. ఆ శబ్దం జనం వైపు పెట్టిన పెద్ద స్పీకర్లలోంచి పోతున్నది, తిరిగి నా కాళ్ల దగ్గరి చిన్న స్పీకర్లోంచి వస్తున్నది. మనిషి నా పక్కన ఉన్నాడు, వాయిద్యం ఇంకెక్కడో ఉంది. తర్వాత ఆటోలోంచి తన ఆంప్లిఫయర్ తెచ్చి కాగబెట్టి అదే ముక్క వాయించాడు. నా వీపు మీద అరచెయ్యి పెట్టినట్టయింది. ఆయన మెల్లగా మీటితే మెల్లగా పలుకుతుంది, కోపంగా కొడితే గొంతు చీరుకుపోతుంది. డబ్బా కూడా అన్నీ చేసింది, చెప్పినట్టు చేసింది. ఇది మాత్రం ఎదురు మాట్లాడుతుంది.

"చెప్పు, ఏది?" అన్నాడు.

"నాకు శబ్దంతోని పని లేదు. డబ్బా పెట్టు. నువ్వు బతకాలె."

ఆయన ముఖం చిన్నబోయింది గానీ సరేనన్నాడు. మళ్లీ డబ్బాకే తగిలించాడు. అప్పుడు నా ప్రాణం కుదుటపడక మైకుసెట్టు అతన్ని పిలిచి, గిటార్ తీగలకు టెస్టర్ పెట్టి చూడమన్నాను. చిన్న స్క్రూడ్రైవర్ లెక్క ఉంటుంది, కరెంటు ఉంటే లోపలి ఎర్ర బల్బు వెలుగుతుంది.

వెలిగింది.

"అందుకేనా వేళ్లు జుమ్మంటున్నయ్" అన్నాడు ఆయన. ఆఫీసతను నా కంటే ఎక్కువ బెదిరాడు, "ఆపేయండి, ఆపేయండి" అంటూ అడాప్టర్ గుంజేశాడు. మైకుసెట్టు అతను మిక్సర్‌కు పెట్టి చూశాడు, వెలిగింది. నా మైకుకు పెట్టాడు, వెలిగింది. అన్ని రోజులు ఆ పుర్రె బొమ్మను చూసి వణికాను. ఇప్పుడు ఎటు చూసినా అదే ఎరుపు.

"జనరేటర్‌కు ఎర్త్ లేదక్కా. అందుకే అన్నిట్ల పాకుతున్నది" అన్నాడు. ఎర్త్ కోసం ఇనుప రాడ్ తెచ్చి స్టేజి పక్కన గడ్డిలో దిగ్గొట్టబోయాడు. జానెడు దిగి ఠంగుమని ఆగింది. ఇంకో చోట కొట్టాడు, అక్కడా ఠంగుమంది. గడ్డి కింద అంతా బండే. గుట్టను పైపైన చెక్కి మన్ను పోసి గడ్డి పరిచారు. ఆ జాగ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసినదాన్ని, అయినా ఆ గడ్డిని చూసి నేల అనుకున్నాను. అతను రాడ్ పక్కన పడేసి నా ముఖం చూశాడు. కుర్చీలు నిండుతున్నాయి.

"ఏదైనా ఒకటే అయితే నాదే పెడత" అని ఆయన ఆంప్లిఫయర్ వైపు పోయాడు.

"పెట్టుకో. చెప్పులేసుకో. లేకుంటే నేను పాడ."

"పరేషాన్ చెయ్యకే. నలుగురు చూస్తరు."

అప్పుడే వాళ్ల పెద్ద సారు దీపం వెలిగించడానికి స్టేజి ఎక్కాడు, బూట్లతో. ఆయన వెనక ఇంకో ఇద్దరు, వాళ్లూ బూట్లతోనే. దీపం వెలిగింది, చప్పట్లు కొట్టారు, ఎవరి చెయ్యీ పడిపోలేదు. నేను మెట్ల కింద విడిచిన రబ్బరు చెప్పులు మళ్లీ తొడుక్కొని పైకి పోయాను. పోతూ మెట్టుకు దండం పెట్టుకున్నాను, తల్లీ ఏమనుకోకు అని. పైకి పోయి వెనక్కి చూస్తే ఆయన ఇంకా కిందనే ఉత్త కాళ్లతో నిలబడి ఉన్నాడు. నేను మైకు పట్టుకోలేదు. డ్రమ్స్ అతను పుల్లలు చేతిలో పట్టుకొని మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఆయన వంగి చెప్పులు తొడుక్కున్నాడు. నన్ను చూడకుండా ఎక్కాడు.

మొదటి పాటలు గడిచాయి. తర్వాత డ్యూయెట్. నా వరుస పాడాను, ఆయన వంతు వచ్చింది. అలవాటు పడిన మనిషి, వేళ్లు తీగల మీదనే ఉంచి నా మైకు వైపు వంగాడు. చేత్తో నెడదామంటే నా చేతిలో మైకు, ఆయన చేతిలో గిటార్. ముట్టుకుంటే ఇద్దరి నడుమ నేనే తీగనవుతాను. తడిసిన ఆ చెప్పుల మీద నాకేం నమ్మకం. నేను వెనక్కి తిరిగి స్టేజి ఆ చివరికి నడిచాను. ఆయన వరుస ఖాళీగా పోయింది, ఉత్త డ్రమ్సే మోగాయి. ఆయన అడుగు వెనక వినిపిస్తుందేమోనని నా చెవులు అక్కడే ఉన్నాయి.

అడుగు వినిపించలేదు. గిటార్ వినిపించింది. ఆయన పాడాల్సిన వరుస, మాటలు లేకుండా, చివర సాగదీసే చోట సాగదీసి, ఊపిరి తీసుకునే చోట ఆగి. ఆంప్లిఫయర్ నుంచి వచ్చి నా వీపుకు తగిలింది. తిరిగి చూస్తే ఆయన దాని పక్కకు పోయి నిలబడ్డాడు. నేను నా వరుస ఎత్తుకున్నాను, మళ్లీ ఆయన వరుస గిటారే పాడింది. భయం మాత్రం పోలేదు. తాళం వేస్తూ ఆయన మడమ లేపినప్పుడల్లా చెప్పు కింద వెలుతురు కనిపించేది, నాకు వరుస తప్పేది. కాలు లేపకు అని పాట మధ్యలో ఎట్ల చెప్పాలి?

దిగినంక ఆయన, "నా గొంతు గుంజుకున్నవు గదనే" అన్నాడు.

"గొంతు పోతే పోనియ్. మనిషివి ఉన్నవు."

ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ మేము ఒకే మైకులో పాడలేదు, మా డ్యూయెట్లన్నీ అట్లనే సాగాయి. ఆ రోజు మాత్రం ఆంప్లిఫయర్ కోసం మళ్లీ స్టేజి ఎక్కుతూ ఆయన చెప్పులు విప్పబోతుంటే నేను ఊకోలేదు. ముందు స్విచ్చు తీయించాను, అగ్గిపుల్లలు పీకించాను. వాల్వులు నల్లబడేదాకా ఆ ఆఫీసతనూ మేమిద్దరమూ దాని ముందే నిలబడ్డాం.