జాకెట్ లోపలి అక్షరం

ప్రొద్దుటూరులో నా జాకెట్లు కుట్టే ఆమె, చదువు రాని పెద్దలకు నేను చెప్పే సాయంత్రం చదువులకూ వచ్చేది. "చిన్న లక్ష్యం పెట్టుకోండి, రోజూ చేసే పనికి దాన్ని ముడిపెట్టండి" అని అందరికీ చెప్పాను. చేసింది ఆమె ఒక్కతే. ఆ వారం నేర్చుకునే అక్షరాన్ని ప్రతి జాకెట్ లోపలా సుద్దతో రాసుకుని, కుట్టినంతసేపూ దాన్నే పలికేది.

ఒకరోజు నా కొత్త జాకెట్ లోపల 'ప' కనిపించింది. ఆమె కుట్టు అంగడికి వచ్చిన నలుగురి ముందే అరిచాను.

"గుడ్డంతా చెడగొట్టినావు గదమ్మా! ఇదేమన్నా పలకనా?"

"ఉతికితే పోతాది టీచరమ్మా. పోయేలోపల నాకు వచ్చేయల్లని..." అంటూ కొంగుతో తుడిచేసింది.

ఆ తర్వాత నా జాకెట్లన్నీ శుభ్రంగానే వచ్చాయి. చదువులకు మాత్రం ఆమె రాలేదు. పనెక్కువై మానేసిందని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధమని తెలిసే చెప్పుకున్నాను.

మొన్న జమ్మలమడుగు బస్టాండులో కనిపించింది. ఎదురుగా ఉన్న బస్సు బోర్డును చూస్తూ, చూపుడువేలితో గాలిలో ఏదో దిద్దుతోంది. నన్ను చూసి నవ్వింది. ఆ మొహంలో కోపమే లేదు.

"మొదటిది ప అని తెలుస్తాండాది టీచరమ్మా. ఇది పులివెందులకు పోతాదా, ప్రొద్దుటూరికా?"