సీసాల మీది చిన్న అంకెలు

తొమ్మిదో తరగతిల నేను కాల్షియం క్లోరైడ్‌ను CaCl అని రాసిన. సార్ నా నోట్‌బుక్ ఎత్తి పట్టుకొని క్లాసు మొత్తానికి చూపెట్టిండు.

"ఇగో, చూడుండ్రి. కాల్షియంకు రెండు చేతులు. ఈమె ఒక చేతికే క్లోరిన్‌ను ఇచ్చింది. ఇంకో చెయ్యిని గాలిల విడిచిపెట్టింది. గా చెయ్యి ఏం జేయాలె? మనకు టాటా చెప్పాల్నా?"

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వకుంటే ఏడుపొచ్చేటట్టు ఉండె.

సార్‌ది కల్హేర్ దిక్కు. రోజూ బండి మీద ఖేడ్‌ల ఉన్న మా బడికి వచ్చేటోడు. ఎప్పుడు చూసినా తెల్ల అంగీ. గంత దుమ్ముల పడి వచ్చినా అంగీ మీద ఒక్క మరక కనపడకపోయేది. ఆయన క్లాసులకు రాంగనే మాకు కండ్లల్ల నీళ్లు తిరిగేవి. కొట్టేటోడు కాదు, తిట్టేటోడు గూడ కాదు. గట్ల టాటా చెప్పించేటోడు, గంతే.

మా పుస్తకంల ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. మేం కొత్తగ ఇంగ్లీషు మీడియం అయినం గనుక ఇంగ్లీషు పేజీ చదవాలె. సమజ్ కాకుంటే సార్ చూడకుండ తెలుగు పేజీ మీదికి కన్ను తిప్పాలె. అన్ని పాఠాలు నేను గట్లనే గట్టెక్కిన. ఫార్ములాల కాడికొచ్చేసరికి రెండు పేజీలల్ల ఒక్కతీరే ఉండె. దొంగచూపు చూసినా ఏం లాభం లేకుండె.

ఆ పొద్దు ఇంటికి పోయి వాకిట్ల మంచం మీద మొకం మాడ్చుకొని కూసున్న. నాయినమ్మ గడప కాడ కందిపప్పు చెరుగుతున్నది. తాత నా పక్కన వచ్చి కూసున్నడు.

మా తాత ఊర్ల ఒక కాలేజీల కెమిస్ట్రీ ల్యాబు అటెండర్‌గ పని చేసి రిటైరయిండు. చదివింది ఏడో తరగతి దాకనే. అయినా ముప్పై ఏండ్లు సీసాలు కడిగి, తుడిచి, నింపి, లెక్చరర్లు పేరు చెప్పేలోపల సీసా చేతికి అందించేటోడని ఇప్పటికీ ఊర్ల చెప్పుకుంటరు.

"ఏమైంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఫార్ములాలు తాతా. వస్తలేవు."

"ఓస్, గింతేనా! అడుగు. ఏదన్న అడుగు నన్ను."

నాకు నమ్మకం లేకుండె. అయినా పుస్తకం తెరిచి అడిగిన.

"సల్ఫ్యూరిక్ యాసిడ్?"

"హెచ్ టూ ఎస్ ఓ ఫోర్."

"సోడియం కార్బొనేట్?"

"ఎన్ ఏ టూ సీ ఓ త్రీ. తెల్లగ ఉంటది."

"మైలుతుత్తం?"

"కాపర్ సల్ఫేట్. సీ యూ ఎస్ ఓ ఫోర్. నీలం రంగు. ఇంకా అడుగు!"

పేజీ అయిపోయింది గని తాత ఆగలే. నేను నోరు తెరిచి చూసిన. ఇంట్ల గిట్లాంటి మనిషిని పెట్టుకొని నేను బడిల టాటా చెప్పించుకున్ననా అనుకున్న. అప్పుడు అసలు సంగతి అడిగిన.

"మరి తాతా, ఆ టూ ఎందుకొస్తది? ఫోర్ ఎందుకొస్తది?"

తాత నా దిక్కు జరిగిండు. నాయినమ్మ వింటుందా అని ఒకసారి వెనుకకు చూసిండు. చేట చప్పుడు ఆగలే. ఇగ గొంతు తగ్గించి నా చెవి కాడ చెప్పిండు.

"ఎవ్వరికీ చెప్పనంటే చెప్త."

"చెప్ప తాతా. ఒట్టు."

"నేను అవి అర నంబర్లు అనుకున్న."

"ఏం అనుకున్నవ్?"

"అల్మారిల అరలుంటయి గద. హెచ్ టూ ఎస్ ఓ ఫోర్ అంటే రెండో వరస, నాలుగో అర. ఎన్ ఏ టూ సీ ఓ త్రీ అంటే రెండో వరస, మూడో అర. సీసా మీద జాగ రాసి పంపుతున్నరు, ఎంత మంచి కంపెనీ అనుకున్న."

"మరి HCl మీద నంబరే లేదు గద తాతా!"

"దానికి జాగ లేదనుకొని కింద నేల మీద పెట్టిన. ఒకసారి పెద్దసార్లు తనిఖీకి వచ్చిండ్రు. యాసిడ్ కింద పెట్టినందుకు శెభాష్ అని భుజం తట్టిండ్రు. సల్ఫేట్లన్ని ఒక అరల, నైట్రేట్లు, కార్బొనేట్లు ఇంకో అరల ఉన్నయని మా లెక్చరర్ అందరికి చూపెట్టిండు. నేనేమనాలె? ఊకున్న."

నేను మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్విన. తాత నా నోరు మూసిండు. రిటైరయినంక ఇప్పుడు తెలిస్తే పింఛన్ ఆపుతరేమో అన్నట్టు ఉండె ఆయన మొకం.

ఆ పొద్దుటి నుంచి మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం. తాతకు పేర్లు తెలుసు, ఎందుకో తెల్వదు. నాకు సార్ చెప్పంగ ఎందుకో కొంచెం తెలుసు, పేర్లు నోటికి రావు. ఒకరికొకరు నేర్పుకోవాలె. సార్ చేతుల లెక్కనే నేను తాతకు చెప్పిన. సోడియంకు ఒక చెయ్యి, ఆక్సిజన్‌కు రెండు, అల్యూమినియంకు మూడు. ఎవ్వరి చెయ్యీ ఖాళీగ మిగలొద్దు.

"మూడు చేతులెక్కడివి?" అని తాత అడిగిండు.

"నీది ఒక కాలు లేపు తాతా."

తాత మంచం మీద కూసొని రెండు చేతులు, ఒక కాలు చాపిండు. ఆయన అల్యూమినియం. నేను ఆక్సిజన్. ఆయన రెండు చేతులు నా రెండు చేతులతోని పట్టుకున్న. తాత కాలు ఒక్కటి గాలిల మిగిలింది.

"నాయినమ్మా, జల్దీ రా! నువ్వు గూడ ఆక్సిజన్. తాత కాలు పట్టుకో."

నాయినమ్మ చేట కింద పెట్టింది. ఆమె పుట్టింటోళ్లది కంగ్టి దాటినంక కర్ణాటక పల్లె. కోపమొస్తే కన్నడంల వస్తది.

"సుమ్మనిరు! ఊకుండు! పెండ్లి నాడు సుత పట్టలే నేను గా కాలు. ఇప్పుడు పడ్తనా?"

"ఆమె పట్టుకున్నా ఆమెకు ఇంకో చెయ్యి మిగులుతది గద బిడ్డా," అని తాత పరేషాన్ అయిండు. "గట్లయితే ఊరంత పిలవాలె."

"ఊరెందుకు? ఇంకో అల్యూమినియం, ఇంకో ఆక్సిజన్ వస్తే చాలు. ఇద్దరు అల్యూమినియంలు, ముగ్గురు ఆక్సిజన్లు. లెక్క సాఫ్."

తాత కాలు దించలే. వేళ్ల మీద లెక్కపెట్టి, Al₂O₃ అని తనే నెమ్మదిగ అన్నడు. కింద రాసే అంకె మనుషుల లెక్క అని ఆయనకు అప్పుడే తెలిసింది. చిన్న పోరడి లెక్క చప్పట్లు కొట్టిండు. నిజం చెప్పాలంటే నాకు గూడ అప్పుడే పూర్తిగ సమజైంది.

ఇగ మేం ఆగలే. కనపడ్డోళ్లందరికి పేర్లు పెట్టుడు షురూ చేసినం. నాయినమ్మ పొటాషియం పర్మాంగనేట్, KMnO₄. ఒక్క పలుకు పడితే చాలు, బకెట్ నీళ్లన్ని రంగు మారుతయి. అమ్మ NaCl, ఎందుకంటే అమ్మ లేని నాడు ఇంట్ల ఏదీ నోట్ల పెట్టలేం. ఎప్పుడు చూసినా బైబిల్ చేతిల పట్టుకొని ఉండే ఎదురింటి పెద్దనాయిన CO₂. ఆయన వచ్చి కూసున్నడంటే మంచిగ నడుస్తున్న ముచ్చట ఆరిపోతది. ఆయన ముందరనే మేం "ఇయ్యాల సీ ఓ టూ ఎక్కువైంది తాతా" అనుకునేటోళ్లం. పెద్దనాయిన "మా పోరి మస్తు చదువుతున్నది" అని మెచ్చుకునేటోడు.

సార్‌కు పేరు తాతనే పెట్టిండు, నేను చెప్పిన గుర్తుల మీద. తెల్లగ ఉంటడు, దగ్గరికొస్తే కండ్లల్ల నీళ్లొస్తయి. "బ్లీచింగ్ పౌడర్," అన్నడు తాత, ఆలోచించకుండనే.

ఇవన్ని నా రఫ్ నోట్‌బుక్ ఆఖరి పేజీల రాసిన. పైన పెద్దగ "నేను, తాత కలిసి పెట్టిన పేర్లు" అని రాసి కింద రెండు గీతలు కొట్టిన. రఫ్ నోట్‌బుక్‌కు, క్లాసు నోట్‌బుక్‌కు ఒక్కతీరు అట్ట వేసుకున్న. గదీ నేను చేసిన తప్పు. ఒకనాడు దిద్దనీకె ఇచ్చిన కట్టల రఫ్ నోట్‌బుక్ పోయింది.

తెల్లారి సార్ అందరి నోట్‌బుక్కులు పంచిండు. నాది నా చేతిల పెట్టి బోర్డు కాడికి పోయిండు. నేను ఆఖరి పేజీ తెరిచిన. "సార్ – CaOCl" అని నేను రాసినదాని చుట్టూ ఎర్ర సున్న. పక్కన "2 ఏది?" అని ఉంది. కింద ఇంకో వరస: "తాతను తీసుకొని రా."

తాతకు చెప్తే ఆయన నాకంటే ఎక్కువ భయపడ్డడు.

"నౌకరీకి ఏమన్న అయితదా?"

"రిటైరయినవ్ గద తాతా!"

"అవ్ గద," అన్నడు. అయినా గడ్డం గీసుకున్నడు, ఇస్త్రీ అంగీ తొడుక్కున్నడు.

సార్లందరు కూసునే గదిల మా సార్‌తో పాటు ఇంకో ఇద్దరు ఉన్నరు. తాత దండం పెట్టిండు. సార్ లేచి నిలబడ్డడు. సార్ మొకంల ఏదో మారింది. నేను టీసీ చేతికిస్తరనే అనుకున్న.

"నువ్వు," అని తాత వేలు చూపెట్టిండు, "నువ్వు కల్హేర్ నుంచి మా కాలేజీకి వచ్చేటి పోరడివి గదా! పిప్పెట్ నోట్ల పెట్టుకొని గట్టిగ పీల్చి, సోడియం హైడ్రాక్సైడ్ నోట్లకు తెచ్చుకున్నోడివి!"

"మింగలే కాకా," అన్నడు సార్ జల్దీగ, పక్కన కూసున్నోళ్ల దిక్కు చూసుకుంట. "నోట్లకొచ్చింది, గంతే."

"పది మగ్గుల నీళ్లతోని పుక్కిలింపిచ్చిన. లెక్చరర్‌కు చెప్పొద్దని ఏడిస్తే చెప్పలే. మొకం గులాబీ రంగు అయింది. అప్పుడే నీకు ఫినాఫ్తలీన్ అని పేరు పెట్టిన."

పక్కన ఉన్న మేడమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. బేస్‌ల వేస్తే ఫినాఫ్తలీన్ గులాబీ అయితదని మాకు సారే చెప్పిండు. ఇప్పుడు తెల్ల అంగీ మీద ఆయన మొకం మళ్ల గులాబీ అవుతుంటే నేను నేల చూసుకుంట నిలబడ్డ. పెదవి కొరుక్కొని కొరుక్కొని నొప్పి లేచింది.

సార్ గొంతు సవరించుకున్నడు. "పేరు పెట్టుడు తప్పు గాదు," అన్నడు నా దిక్కు తిరిగి. "ఫార్ములా తప్పు రాసుడు తప్పు. CaOCl₂. శిక్ష మీ ఇద్దరికి ఉంటది."

శిక్ష ఏందంటే, బడి ల్యాబు అల్మారి. దానికి చెదలు పట్టి సీసాల మీది పేర్లన్ని పోయినయి. తాత సీసా చూసి పేరు చెప్పాలె, నేను పేరు, ఫార్ములా రాసి అతికించాలె, సార్ సరిచూడాలె. శనివారం మధ్యాహ్నం ముగ్గురం కూసున్నం. నీలం రంగుది చూసి తాత కాపర్ సల్ఫేట్ అన్నడు. లేత ఆకుపచ్చది అన్నభేది అన్నడు, సార్ ఐరన్ టూ సల్ఫేట్ అన్నడు, నేను FeSO₄ అని రాసిన. తుప్పు రంగుది ఫెర్రిక్ క్లోరైడ్. "ఇదీ ఇనుమే. ఇక్కడ దానికి మూడు చేతులు. అందుకే పేరుల ఐరన్ త్రీ అని చెప్పాలె," అని సార్ అంటే నేను FeCl₃ అని రాసిన. ఒకటే ఇనుము ఒకచోట రెండు చేతులతోని, ఇంకోచోట మూడు చేతులతోని ఉండుడు నాకు ఆ సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే మనసుల పడ్డది.

ఆఖరికి తెల్ల పొడుల సీసాలు మిగిలినయి. సార్ ఒకటి ఎత్తి, "ఇది కాకా?" అన్నడు.

తాత సీసాను ముట్టలే. "తెల్లయన్ని ఒక్కతీరే ఉంటయి సార్. తెల్వంది నేను చెప్ప. పక్కకు పెట్టుండ్రి."

సార్ ఆ సీసాను పక్కకు పెట్టిండు. ఆ తర్వాత తాతను 'మీరు' అని పిలిచిండు.

ఆ యేడు పరీక్షల ఫార్ములాల కాడ నాకు ఒక్క మార్కే పోయింది. మెగ్నీషియం ఆక్సైడ్‌ను Mg₂O₂ అని రాసి, రెండు రెండ్లను కొట్టేసుడు మరిచిపోయిన.

గని అంతకంటే ముందే ఇంట్ల గొడవైంది. సార్ అంగట్ల నాయినమ్మకు ఎదురుపడి, "పొటాషియం పర్మాంగనేట్ మీరేనా అమ్మా?" అని అడిగిండంట. ఆమె కూరగాయల సంచి వాకిట్ల దించి మా ఇద్దరి ముందర నిలబడ్డది.

"గదేంది? తిట్టా?"

"బాయిల వేసే మందు," అన్నడు తాత. "నీళ్లు మంచిగ చేస్తది."

నాయినమ్మ కోపం కొంచెం దిగింది. నా దిక్కు తిరిగి అడిగింది.

"మీ తాతకేం పేరు పెట్టిండ్రు?"

ఆయనకు పెట్టనే లేదు.

"ఏ పనీ చెయ్యంది, ఎవ్వరితోని కలవంది, ఊరికే ఉండేది ఏమన్న ఉన్నదా మీ పుస్తకంల?"

"ఉన్నది నాయినమ్మా. ఆర్గాన్. జడవాయువు."

"ఆర్గాన్," అని ఆమె రెండుసార్లు నోట్ల తిప్పుకున్నది.

తెల్లారి నల్లా రాంగనే ఆమె గొంతు వాడంత వినపడ్డది. "ఓ ఆర్గానూ! లేవ్! బిందెలు పట్టు!"

ఎదురింటి పెద్దనాయిన బయటికొచ్చిండు. "మంచి పేరు చిన్నమ్మా. బైబిల్ల ఉన్నదా?"

నాయినమ్మ నా దిక్కు చూసింది. ఆర్గాన్ పరమాణు సంఖ్య నాకు కంఠతా వచ్చు.

"పద్దెనిమిది, పెద్దనాయినా," అన్న.

ఏ గ్రంథంల పద్దెనిమిదో అధ్యాయమని ఆయన అడగలే. కండ్లద్దాలు పెట్టుకొని బైబిల్‌ల వెతకనీకె ఇంట్లకు పోయిండు. తాత బిందె భుజాన పెట్టుకొని, మొకం అటు తిప్పుకొని నల్లా కాడికి పోయిండు.