సముద్రానికి గండి పడిన రోజు

ఆ రోజుల్లో మా తిరుమలగిరి వైపు నీళ్లకు ఒక పద్ధతంటూ ఉండేది. వాన పడితే చెరువులోకి వచ్చేవి, తూము తీస్తే పొలాల్లోకి పోయేవి, ఎండలు ముదిరితే అందరికీ తెలిసేలా మెల్లమెల్లగా తగ్గేవి. ఒక్క పూటలో చెరువు ఖాళీ అయిందంటే దానికి ఒకటే అర్థం, కట్టకు గండి పడింది. అప్పుడు తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండా, గడ్డం గీయించుకుంటున్నవాడు రెండో చెంప సంగతి మరిచి, పారా గంపా పట్టుకుని కట్ట మీదికి ఉరకాల్సిందే. ఉరకనివాణ్ని ఊరు ఏడాదిపాటు మనిషి కింద లెక్కగట్టేది కాదు. ఇంత గట్టి చదువు చదువుకున్నాను కాబట్టే ఇరవై ఒకటో ఏట బంగాళాఖాతం ఒడ్డున నేను చేయవలసిన పని చేశాను. ఆ కథను ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. (సగం చెప్పాను. ఆ సగం వల్ల వచ్చిన చిక్కు చివర్లో తెలుస్తుంది.)

మాది గొర్రెల ఇల్లు. మా బాపుకు లోకంలో ఇద్దరే శత్రువులు: ఒకటి తోడేలు, రెండోది ఫారెస్టు గార్డు. తోడేలును కుక్కలు చూసుకునేవి. గార్డు ముందు మాత్రం ఆ కుక్కలే తోక ఊపేవి. చూసి చూసి బాపు ఒక ఉపాయం పన్నాడు. ఇంట్లో ఒకణ్ని గార్డును చేస్తే మన గొర్రెలను ఇంకెవడు ఆపుతాడు? అలా పదో తరగతి దగ్గర రెండుసార్లు బోర్లా పడ్డ నేను, ఎవరెవరి కాళ్లో పట్టుకోగా, ఖాకీ చొక్కాలోకి వచ్చి పడ్డాను. అయితే నౌకరీ ఇంకా కచ్చా. శిక్షణ చివర్లో మమ్మల్ని కోస్తాకు తీసుకెళ్లి మడ అడవులు చూపిస్తారు, అక్కడి రేంజరు రాసే నాలుగు ముక్కల మీద పక్కా అయ్యేదీ లేనిదీ తేలుతుంది. బయలుదేరే ముందు బాపు తేల్చి చెప్పాడు. "పక్కా అయితె సరె. కాకుంటె సక్కగ ఇంటికి రా. నా మోకాళ్లు పనిచేస్తలేవు, మంద నీకే అప్పజెప్త." ఎలాగైనా పక్కా కావాలని ఆ క్షణమే మొక్కుకున్నాను. ఎందుకంటే మా గొర్రెలు నా మాట వినేవి కావు. పిల్లలకు, ముసలివాళ్లకు, ఆఖరికి దారిన పోయేవాళ్లకు కూడా లొంగే గొర్రెలు నన్ను చూస్తే మాత్రం ముఖం తిప్పుకునేవి. గొర్రె కూడా ఖాతరు చేయని మనిషికి సర్కారు కొలువు తప్ప వేరే దిక్కేముంటుంది?

నల్గొండలో బస్సెక్కి, బెజవాడలో రైలెక్కి, కాకినాడలో దిగాం. మేం నలుగురం. ముందు రేవు చూశాం. ఓడలు ఒడ్డుకు రాకుండా ఎక్కడో దూరంగా నిలబడి ఉంటే, సరుకు నావల్లో వేసుకుని వాటి దగ్గరికే తీసుకుపోతున్నారు. "గంత పెద్ద జహాజు గాడ్నే ఆగిందేంది? జర ముంగటికి రావొద్దా?" అని మాలో షాద్‌నగర్ నుంచి వచ్చినవాడు అడిగాడు. ఒడ్డున నీళ్ల లోతు చాలదని ఎవరో చెప్పారు. ఇంత సముద్రం పెట్టుకుని లోతు చాలదంటే మేం లోపల్లోపల నవ్వుకున్నాం. మా చెరువు తూము దగ్గర ఏనుగు మునుగుతుంది. (ఏనుగు మా ఊరికి ఎన్నడూ రాలేదు. వస్తే మునుగుతుందని అందరం నమ్మేవాళ్లం.) యానాం కూడా చూడాలని మావాళ్లు పట్టుబట్టారు. అప్పట్లో కాకినాడలో మద్యనిషేధం, యానాంలో లేదు. అడవులకు సంబంధించిన కారణం ఇంకేదైనా ఉందేమో నాకు తెలియదు.

మర్నాడు రేంజరు మమ్మల్ని మడ అడవికి తీసుకెళ్లాడు. మనిషి కంటే ముందు ఆయన ఊదే ఈల వినబడేది కాబట్టి ఆయనకు ఈలదొర అని పేరు పెట్టుకున్నాం. కరువు సీమ నుంచి బదిలీ మీద వచ్చి పది రోజులే అయింది గానీ, మాట్లాడుతుంటే ఆ సముద్రాన్ని ఆయనే తవ్వించాడనిపించేది. పడవ నడిపేది ఒక తాత. గెడ కర్ర వేస్తూ ఉప్పుటేరు వెంట గంటసేపు తీసుకుపోయాడు. ఏరు నిండుగా ఉంది. రెండు పక్కలా చెట్లు నీళ్లలోనే నిలబడి ఉన్నాయి. ఒకచోట గట్టు కనబడగానే దొర తళతళలాడే బూట్లు విప్పి పడవలో పెట్టి, ప్యాంటు మడిచి, మిగతా ముగ్గురిని వెంటబెట్టుకుని అడవిలోకి నడిచాడు. అన్నం క్యారియర్లకు, బూట్లకు, పడవకు నన్ను కాపలా పెట్టాడు. తాత మంచినీళ్ల కోసం బిందె తీసుకుని పక్కనే ఉన్న జాలర్ల పేటకు పోతూ, "తాడు పొడుగ్గా వదిలి కట్టండి బాబూ, మర్చిపోకండే," అన్నాడు.

తాడు కట్టడం నాకు నేర్పుతాడా అని మండింది. నేను పుట్టింది తాళ్ల మధ్య. మేకను పొడుగు తాడుతో కడితే అది గుంజ చుట్టూ తిరిగి తిరిగి మెడకు ఉరి వేసుకుంటుంది. అందుకని పొట్టిగా, తల పైకి ఉండేలా, నాలుగు చుట్లు వేసి బిగించాలి. సరిగ్గా అలాగే కట్టాను. పడవ ముక్కు చెట్టు కొమ్మకు ఆనుకుని ఎంతో బుద్ధిగా నిలబడింది. నా మాట విన్న మొదటి జీవం అదే. సంతోషంతో గట్టెక్కి, గొర్రెలవాడి బుద్ధి ఊరుకోదు కనుక, ఒక మడ ఆకు తుంచి నమిలి చూశాను. ఉప్పగా ఉంది! మేం గొర్రెలకు ఉప్పు విడిగా పెట్టేవాళ్లం, ఇక్కడ ఆకే ఉప్పు వేసుకుని వస్తోంది. ఇక్కడి మేకలది ఏం అదృష్టం అనుకుంటూ చెట్టు మొదట్లో నడుం వాల్చాను. కన్ను అంటుకుంది.

కళ్లు తెరిచేసరికి ఏరు లేదు. నిలువెత్తు నీళ్లున్నచోట నల్లటి బురద, అందులో ఎర్ర పీతలు ఊరేగుతున్నాయి. నీళ్లతోపాటు దిగనివ్వని నా పొట్టి తాడు వల్ల పడవ ముక్కు కొమ్మకే వేలాడుతోంది, వెనక భాగం బురదలో కూరుకుపోయింది. క్యారియర్లు జారి తెరుచుకున్నాయి. దొరగారి బూటు ఒకటి బురదలో సగం కనబడుతోంది, రెండోది అసలే కనబడలేదు. ఆ క్షణంలో నాకు ఉద్యోగం గుర్తు రాలేదు, బూట్లు గుర్తు రాలేదు. నా నోట్లోంచి మా ఊరు మాట్లాడింది. "గండి పడ్డదీ!" అని కేక పెట్టి, మోకాళ్ల దాకా బురదలో పడుతూ లేస్తూ పేటకు పరుగెత్తాను. "గండి పడ్డది! ఉరుకుండ్రి! పారలు వట్టుకోండ్రి!"

వాకిట్లో చేపలు ఎండబెడుతున్న ఒక మామ్మ లేచి నిలబడింది. "ఎక్కడ పడిందండి బాబూ?"

"ఏమో తెల్వదమ్మా, కింద ఎక్కడ్నో! ఏరంత ఖాళీ అయింది. నీళ్లన్ని పోయినయి!"

"ఎక్కడికెళ్తాయండి? సముద్రంలోకెళ్లుంటాయి."

"గదే జెప్తున్న! సముద్రంలకు పోతున్నయి. జల్ది అడ్డం కట్టాలె!"

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "సాయంత్రానికి వచ్చేత్తాయండి బాబూ," అంది జాలిగా.

"ఎవరు తెస్తరు?" అన్నాను.

పేటంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఈల వినబడింది. ప్యాంటు మడతలతో, చెప్పుల్లేని కాళ్లతో, గట్టు మీద దొర పరుగెత్తుకొస్తున్నాడు, వెనక మావాళ్లు ముగ్గురూ. నా కేక విన్నాడు, ఖాళీ ఏరు కళ్లారా చూశాడు. "ఎంత వెడల్పు పడింది? ఎన్ని గంపల మట్టి కావాలి? మగవాళ్లంతా వరసగా నిలబడండి!" అని ఆజ్ఞలు మొదలుపెట్టాడు. మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఈయన కూడానా!" అంది.

అప్పుడే తాత నీళ్ల బిందెతో వచ్చాడు. దొరను పక్కకు తీసుకెళ్లి, సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు వెనక్కి లాగుతుందని, ఏరు కూడా దాంతోపాటే నిండి తరుగుతుందని మెల్లగా చెప్పాడు. జీవితంలో ఆటుపోట్లు అంటూ బళ్లో నేనే వ్యాసాలు రాశాను. అవి నీళ్లకు కూడా ఉంటాయని మా పంతులు చెప్పలేదు. దొర ముఖం కందగడ్డ అయింది. సముద్రాన్ని తిట్టలేడు, తనను తాను తిట్టుకోలేడు. వెళ్లి పడవను చూశాడు, బూటును చూశాడు, మా అందరినీ అక్కడికి పిలిచాడు. "ఈ పడవ కట్టింది ఎవడు?"

గొర్రెలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చి ముఖం తిప్పుకున్నాయి. ఇంతలో తాత అన్నాడు. "నేనేనండి బాబూ. వయసైపోయిందండి, చెయ్యి పట్టు తప్పింది."

"పుట్టినప్పటినుంచీ ఈ నీళ్లలోనే ఉన్నావు. ఇంకా తాడు కట్టడం రాదా? నీకంటే చిన్నపిల్లలు నయం!" దొర అక్కడితో ఆగలేదు. తన అవమానమంతా ఆ ముసలాయన మీద దింపుకునేదాకా తిట్టాడు. వెంట వచ్చిన పేటవాళ్ల నవ్వు ఆగిపోయింది. నేను ఆ ఒంటి బూటు వైపు చూస్తూ నిలబడ్డాను.

నీళ్లు తిరిగి వచ్చేదాకా కదలడానికి లేదు. మామ్మ అందరికీ అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. దొర రెండుసార్లు మారు అడిగి తిన్నాడు. నేను పడవలో బురద కడుగుతున్న తాత దగ్గరికి వెళ్లాను. "తాతా, తాడు నేను కడితి. తిట్లు నువ్వెందుకు తిన్నవు?"

"నన్నేం చేత్తారండి? సముద్రం మాన్పించేత్తారా? మీకైతే ఉద్యోగం పోద్ది."

"మరి నీ ఇజ్జత్?"

నవ్వాడు. "నేను పొట్టిగా కట్టానంటే ఈ పేటలో నమ్మే వెధవెవడండి?" ఇంకో దోసెడు బురద బయటకు తోసి, గొంతు తగ్గించాడు. "మా మనవరాలు ఒక్కత్తికే తెలీదండి. చిన్నది కదా, నిజమే అనుకుంది. దానికేం చెప్పాలో చూడాలి."

ఆ పిల్ల పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. తాత వైపు చూడటం లేదు. నేను వెళ్లి ఒక్క మాట చెప్పవలసింది. దొర కూడా అంతే దూరంలో ఉన్నాడు. నేను వెళ్లలేదు. సాయంత్రం, మామ్మ చెప్పినట్టే, నీళ్లు ఎవరూ తేకుండానే వచ్చాయి.

దొర నా కాగితం మీద "ఆపద సమయంలో అప్రమత్తంగా ఉంటాడు" అని రాశాడు. ఆయన పరుగు సంగతి నేను చెప్పకూడదు, నా కేక సంగతి ఆయన చెప్పడు, అదీ ఒప్పందం. నౌకరీ పక్కా అయింది. ఇంటికి రాగానే బాపు అడిగిన మొదటి మాట, "సముద్రం గంత పెద్దగుంటదంటరు, తూము ఏ దిక్కున్నది?" తూము లేదన్నాను. "తూము లేకుంటె కట్ట ఆగుతదారా? గండి పడదా?" అని ఆందోళనపడ్డాడు. నేనేదో మాట దాటేయబోయి, "నేనున్ననాడే పడ్డదనుకున్నం బాపు, అందరం ఉరికినం," అన్నాను. మా బాపుకు ఆ సగం చాలు. సాయంత్రానికి ఊరంతా తిరిగి, తన కొడుకు సముద్రానికి గండి పూడ్చి వచ్చాడని చెప్పేశాడు. ఆయన పోయేదాకా నేను మా ఊళ్లో ఆ ఘనుడిగానే బతికాను. పక్క ఊళ్లలో కట్ట తెగితే నన్ను సలహా అడిగేవారు, నేను తల పంకించి చెప్పేవాణ్ని కూడా.

ఒక ముసలాయన నా తప్పు తన నెత్తిన వేసుకున్నాడు, ఇంకో ముసలాయన నేను చేయని గొప్ప నా నెత్తిన పెట్టాడు. రెండుసార్లూ నేను నోరు మెదపలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ బురద కాళ్ల ఖాకీవాణ్ని తలుచుకుంటే కోపం రావాలి గానీ, నవ్వే వస్తుంది. పారలు పట్టుకోమని సముద్రం ఒడ్డున అరిచినవాడి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం? అయినా ఒక్క పని మిగిలిపోయింది. ఆ పిల్లకు ఇప్పుడు మనవలుండే వయసు. ఎక్కడైనా ఇది ఆమె కంటపడితే, అమ్మా, ఆ తాడు కట్టింది మీ తాత కాదు, నేను.