వాన పడితే ఏమవుతుందో తెలియని సారు

ఆ పెద్దమనిషి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పొదిలి దగ్గర ఓ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. పోయిన వేసవి మొదట్లో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఓ అధికారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. ఆ రోజు పాఠం అడ్వర్బియల్ క్లాజులు, అంటే 'ఇఫ్', 'వెన్' లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యాలు.

"మీ జీవితంలోంచి ఓ వాక్యం రాయండమ్మా" అన్నారాయన.

తొమ్మిదో తరగతి శిరీష లేచి, వాన పడితే మా మిరపకాయలు తడిసిపోతాయని బోర్డు మీద చక్కటి ఇంగ్లీషులో రాసింది.

"వెరీ గుడ్! 'ఇఫ్'తో మొదలైంది చూశారా, అదే క్లాజు" అంటూ చప్పట్లు కొట్టించారు.

అంతలో ఉరిమింది. మా ఊళ్లో మబ్బు పట్టిందంటే ఎవరి కల్లమని చూడరు, టార్పాలిన్ పట్టలు కప్పడానికి అందరూ పరిగెడతారు. పిల్లలంతా లేచారు. ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"కూర్చోండి! క్లాసంటే లెక్క లేదా?"

"కల్లం దగ్గర మా నాయనమ్మ ఒక్కతే ఉందండీ" అంటూ శిరీష ఏడ్చేసింది.

ఇక నావల్ల కాలేదు. "ఇప్పుడేగా సార్ చప్పట్లు కొట్టించారు? ఆ పిల్ల రాసింది మీకు అర్థమైందా అసలు? తప్పుకోండి!" అని అరిచాను.

తప్పుకున్నారు. కానీ అప్పటికే వాన అందుకుంది, పిల్లలు కల్లం చేరేసరికే శిరీష వాళ్ల కాయ సగం తడిసింది.

నాకు క్రమశిక్షణ లేదని రిపోర్టులో రాసి వెళ్లారాయన. రాసుకోనీండి. ఇప్పుడు ఆ పాఠం చెప్పాల్సి వస్తే, ముందు తలుపులు బార్లా తెరిచి, ఆ తర్వాతే బోర్డు దగ్గరికి వెళ్తాను.