బుడ్డది పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కలేదు

అమీర్‌పేటలోని ఒక చిన్న డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ల బ్యాచ్‌కు ఇన్‌స్ట్రక్టర్‌గా నేను చేరింది జూన్ నెల మొదటి సోమవారం. నాలుగేళ్లు చేసి, కిందటేడాది మానేశాను. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి రిటైరయ్యానంటే నవ్వుతారు. కానీ మళ్లీ ఆ పనికి వెళ్లను కనుక ఆ మాటే వాడుకుంటున్నాను. ఇప్పుడు ఒక లైబ్రరీలో పనిచేస్తున్నాను. కారు నేర్పడంలో ఏముంటుందని ఇక్కడి వాళ్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పలేకపోయిన సంగతి ఒకటి, అప్పటి డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మైత్రీవనం వెనక వీధిలో, మొదటి అంతస్తులో ఒక గది, కింద ఒక కారు. మా స్కూలంటే అంతే. యజమాని యాదగిరన్న లైసెన్సు కాగితాలు, ఆర్టీవో ఆఫీసు పనులు చూసుకునేవాడు. ముప్పయ్యేళ్ల అనుభవమున్న ఖాజా భాయ్ సీనియర్ ఇన్‌స్ట్రక్టర్. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఆయన బ్యాచ్, పది నుంచి నాలుగు దాకా నాది. ఇద్దరికీ కారు ఒక్కటే. పదమూడేళ్లు నిండిన చిన్న తెల్ల కారు. ఖాజా భాయ్ దాన్ని బుడ్డది అనేవారు. తర్వాత అందరికీ అదే పేరైంది.

డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ సీటు ముందు కూడా రెండు పెడళ్లుంటాయి. ఒకటి క్లచ్, ఒకటి బ్రేకు. కుడివైపు పెడళ్లకు వాటిని కేబుళ్లతో కలుపుతారు. నేర్చుకునే మనిషి తడబడితే ఎడమ సీట్లోంచి మేం తొక్కుతాం. ఇరవై రోజుల కోర్సు, రోజుకు అరగంట. మొదటి వారం సందులు, రెండో వారం మైత్రీవనం సిగ్నలు, మూడో వారం పంజాగుట్ట ఫ్లైఓవర్. ఆ పైన లైసెన్సు పరీక్ష.

నాకు మనుషుల ముఖంలోకి చూస్తూ మాట్లాడటం చిన్నప్పటి నుంచీ కష్టం. కారులో ఆ ఇబ్బంది లేదు. ఇద్దరమూ రోడ్డువైపే చూస్తాం. మాట్లాడాల్సింది కూడా తక్కువే: కొంచెం ఎడమకి, ఇప్పుడు సెకండ్, అద్దం చూడండి. క్లాసుకూ క్లాసుకూ మధ్య ఖాళీ దొరికితే డ్యాష్‌బోర్డు సొరుగులో దాచుకున్న పుస్తకం తీసేదాన్ని. నాకు ఇంతకన్నా సరిపోయే ఉద్యోగం ఉంటుందని అప్పట్లో అనుకోలేదు.

రెండో ఏడు వానాకాలంలో బుడ్డది నీరసించింది. చదునురోడ్డు మీద బాగానే ఉండేది. ఫ్లైఓవర్ సగానికి వచ్చేసరికి ఇంజను అరిచేది తప్ప బండి ముందుకు పోయేది కాదు. సన్నగా మాడు వాసన వచ్చేది. వెనక హారన్లు మోగేవి.

స్రవంతి అని, విజయవాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్న అమ్మాయి నా బ్యాచ్‌లో ఉండేది. ఆమెకు వరసగా మూడు రోజులు అలాగే జరిగింది.

"ఏంటి మేడమ్, నేనేమన్నా తప్పు చేస్తున్నానా, మీ కారుకే ఓపిక లేదా?" అంది మూడో రోజు.

క్లచ్ సరిగా వదలడం లేదని, తప్పు మీదేనని చెప్పాను. వారం తర్వాత ఆమె పరీక్షకు వెళ్లింది. ట్రాక్ మీదికి మమ్మల్ని రానివ్వరు, గేటు బయటే ఆగిపోవాలి. అక్కడొక ఎత్తుంటుంది. సగంలో ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ ఎక్కించాలి. స్రవంతి పాసై నవ్వుకుంటూ వచ్చింది. "మేడమ్, ఈ రోజు మీ బుడ్డది మేకపిల్లలా ఎక్కేసిందండీ!" అంది. అదృష్టమనుకున్నాను. డైరీలో కూడా ఆ మాటే రాశాను.

ఆ నెలలోనే పంజాగుట్టలో ఒక కొత్త డ్రైవింగ్ స్కూలు వచ్చింది. కొత్త కార్లు, చల్లటి ఏసీ, స్టూడెంట్లకు టీషర్టులు. దాని యజమాని యాదగిరన్నకు పాత పరిచయస్తుడు. స్టూడెంట్లతో సహా తన స్కూల్లో కలిసిపొమ్మన్నాడట. ఖాజా భాయ్‌ని తీసుకుంటారు. ఆడవాళ్లకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు మాత్రం వాళ్లకు ఇప్పటికే ఇద్దరున్నారు. అంటే నేను ఇంటికే.

"బుడ్డదాని పనైపోయింది మంజులా," అన్నాడు యాదగిరన్న. "ఎన్ని దినాలని ఈడుస్తం? కొత్తది కొనే తాకతు నాకు లేదు."

"అరె యాదన్నా, బండికి ఏం కాలే," అన్నారు ఖాజా భాయ్. "పొద్దుగాల్ల నేను తిప్పుతున్న కదా, మక్ఖన్ లెక్క మెత్తగ పోతది."

"నీకు గా బండంటే ఇష్టం భాయ్. నీ మాట నేను నమ్మ."

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త స్కూలు వాడే రెండు రకాల కార్లతో బుడ్డదాన్ని పోల్చి చూడాలి. నిలబడితే స్కూలు నడుస్తుంది. లేదంటే సోమవారం సాయంత్రం ఐదింటికి వెళ్లి కలిసిపోతామని చెప్పేయాలి.

ఆదివారం పొద్దున ఏడింటికి, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు బయలుదేరాం. ఒకటి యాదగిరన్న బావమరిది కారు, ఎత్తు సీట్లది. రెండోది పై అంతస్తులో అద్దెకుండే వాళ్లది, ఈ మధ్యే కొన్నది. రెండూ ఇంటి కార్లు. ఎడమవైపు పెడళ్లు లేవు. అదొక తేడా అని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మూడు కార్లనూ యాదగిరన్నే నడిపాడు. ఖాజా భాయ్ వెనక సీట్లో, నేను ఎడమ సీట్లో నోటుబుక్కుతో.

కారు మంచిదా కాదా అన్నది వేరు, నేర్చుకునే మనిషికి మంచిదా అన్నది వేరు. అందుకే నా గళ్లు కూడా వేరుగా గీశాను. యూ టర్న్‌కు పట్టే చోటు: బుడ్డది ఒక్క తిప్పులో తిరిగింది, ఎత్తు సీట్ల కారు వెనక్కి వచ్చి మళ్లీ తిరగాల్సి వచ్చింది. సీట్లోంచి బానెట్ అంచు కనపడటం: బుడ్డదానిలో పూర్తిగా, కొత్తదానిలో అసలు లేదు. వెనక చూపు: బుడ్డదానికి అద్దాలు పెద్దవి, మూలల్లో రేకు సన్నం. కొత్తదానిలో ఆ మూలలు లావు, పక్కన స్కూటర్ ఉన్నా తెలియదు. క్లచ్ తప్పుగా వదిలితే బుడ్డది వెంటనే ఆగిపోతుంది, చేసిన తప్పు అప్పుడే తెలుస్తుంది. కొత్తది తనే ఇంజను వేగం పెంచుకుని తప్పును కప్పేస్తుంది. విడిభాగాలు బుడ్డదానివైతే సనత్‌నగర్‌లో ఏ షెడ్డులోనైనా దొరుకుతాయి. ఏసీలో మాత్రం బుడ్డది ఓడిపోయింది, చప్పుడులోనూ ఓడిపోయింది. ఎయిర్‌బ్యాగులు కొత్తదానిలో ముందు రెండు సీట్లకూ ఉన్నాయి, బుడ్డదానిలో ఒక్కటీ లేదు. ఆ గడి కింద మూడు గీతలు గీశాను.

చివరి గడి చడావు. డ్రైవర్లు ఎత్తు ఎక్కడాన్ని అలా అంటారు. రెండు ఇంటి కార్లూ పంజాగుట్ట ఫ్లైఓవర్ హాయిగా ఎక్కాయి. బుడ్డది సగానికి వచ్చి అరవడం మొదలుపెట్టింది. వాసన వచ్చింది. మొదటి గేరులోకి దింపి ఎలాగో పైకి చేర్చాడు యాదగిరన్న. ఒక ఆటో మమ్మల్ని దాటుకుని పోయింది.

"చూసినవా భాయ్?" అన్నాడు యాదగిరన్న. "ఆటో సుత దాటేసింది. ఇంకేం పోలుస్తం?"

ఇంటికొచ్చి భోజనం చేశాక నోటుబుక్కులోని గళ్లను డైరీలోకి ఎక్కిస్తూ కూర్చున్నాను. అన్ని గళ్లలో నిలబడిన కారు ఒక్క చడావులో అంతగా ఓడిపోవడం నాకు మింగుడుపడలేదు. అసలు ఎప్పుడు మొదలైందో చూద్దామని పాత పేజీలు తిప్పాను. ‘బండి ఎక్కలేదు’ అన్న మాట మొదటిసారి జులై మూడో వారంలో కనపడింది. అక్కడి నుంచి దాదాపు ప్రతి రోజూ ఉంది. ఆ ముందు పదమూడు నెలల్లో ఒక్కసారి కూడా లేదు. అది మొదలు కావడానికి రెండు రోజుల ముందు పేజీలో ఇలా ఉంది: ‘వానకు చెప్పులు తెగాయి. అమీర్‌పేట రోడ్డు మీద మందం అట్ట బూట్లు కొన్నాను. మేఘాల మీద నడిచినట్టుంది. కింద ఏముందో కూడా తెలియడం లేదు.’

ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. కాళ్లు మంచం కిందికి పెట్టి, కారులో కూర్చున్నట్టు కూర్చుని చూశాను. ఎడమ పాదం దానంతట అదే కొంచెం ముందుకు, కొంచెం పైకి వెళ్లి ఆగింది. క్లచ్ పెడల్ ఉండే చోటుకు.

క్లచ్‌ను పూర్తిగా తొక్కనక్కర్లేదు. పాదం బరువు దాని మీద ఆనితే చాలు, ఇంజను బలం చక్రాలకు పూర్తిగా అందదు. లోపల ప్లేటు జారుతూ, కాలుతూ ఉంటుంది. చదునురోడ్డు మీద అది తెలియదు, ఎత్తు మీద తెలుస్తుంది. స్రవంతి ట్రాక్ మీద ఉన్నప్పుడు నేను కారులో లేను. పొద్దున బ్యాచ్‌లో నేనుండను. ఆదివారం రెండు ఇంటి కార్లలో నా కాలి కింద పెడల్ లేదు. మూడో కారులో ఉంది.

సోమవారం పొద్దున ఖాజా భాయ్ మొదటి క్లాసుకు ముందే అక్కడికి వెళ్లి, మాటలు తడబడుతూ చెప్పాను. ఆయన తాళాలు తీసుకున్నారు.

"కూర్చో బేటా. బూట్లు ఉండనీ. రోజూ ఎట్ల కూర్చుంటవో గట్లనే కూర్చో."

ఫ్లైఓవర్ మీద బుడ్డది ఎప్పటిలాగే అరిచింది. ఆయన నా కాలివైపు ఒకసారి చూసి, బండి తిప్పుకుని మళ్లీ కిందికి తెచ్చారు.

"ఇప్పుడు బూట్లు ఇప్పు. కాళ్లు సీటు కిందికి గుంజుకో."

బుడ్డది ఎక్కింది. కొంచెం బరువుగానే, కానీ రెండో గేరులో, ఆగకుండా ఎక్కింది. పైన మెట్రో పట్టాలు కనపడేచోట ఖాజా భాయ్ నవ్వడం మొదలుపెట్టారు. స్కూలు చేరేదాకా ఆపలేదు.

"మా ఉస్తాద్ ఏం చేసేటోడు తెలుసా? కొత్త ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటే క్లచ్ పెడల్ మీద ఖాళీ అగ్గిపెట్టె పెట్టేటోడు. క్లాసు అయినంక అది నలిగిందనుకో, అందరికీ చాయ్ తాగిపియ్యాలె. నేను ఆర్నెల్లు తాగిపిచ్చిన! నీకు చెప్పుడు మర్చిపోయిన బేటా, తప్పు నాది సుత."

తప్పు ఎవరిదైనా యాదగిరన్నకు చెప్పాల్సింది నేనే. ఐదింటి దాకా సమయముంది. పదింటికే పైకెళ్లాను. కారు చెడింది నా కాలివల్లేనని ఒప్పుకుంటే ఉద్యోగం ఆ కారణంతోనే పోవచ్చు. చెప్పకపోతే స్కూలుతోపాటు ఎలాగూ పోతుంది. ఆయన ముఖం చూసి మాట్లాడలేనని తెలుసు. అందుకే ఆదివారం వేసిన గళ్ల పేజీని, జులై డైరీ పేజీని బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ చదివాడు. బూట్ల గురించి రాసింది రెండుసార్లు చదివాడు.

"అంటే, నా బండిని ముసల్దాన్ని చేసింది నువ్వా?"

"అవునన్నా."

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"ఖాజా భాయ్‌కి."

"ఇగ అమీర్‌పేట మొత్తానికి ఎరుకైనట్టే," అని లేచి తాళాలు తీసుకున్నాడు.

ముగ్గురం మళ్లీ ఆదివారం లాగే కూర్చున్నాం. బూట్లు నా ఒళ్లో పెట్టుకున్నాను. యాదగిరన్న ఫ్లైఓవర్‌ను మూడుసార్లు ఎక్కించాడు. మూడోసారి ఏసీ కూడా వేశాడు. దిగేటప్పుడు ఒక మాటన్నాడు: "ఆ రెండు బండ్లల్ల సుత నీ కాలు కింద పెడల్ ఉండుంటే, అవి సుత ఏడ్చేటివి." కిందికొచ్చి కారు పక్కకు ఆపి, అక్కడి నుంచే పంజాగుట్టకు ఫోన్ చేసి, ఇప్పట్లో కలవమని చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నమే సనత్‌నగర్‌లో ఒక షెడ్డులో క్లచ్ ప్లేటు మార్పించాం. మెకానిక్ పాత ప్లేటును బయటికి తీసి చూపించాడు. అంచుదాకా అరిగి, నల్లగా అద్దంలా మెరుస్తోంది. "ఎవరు సార్ ఇన్‌స్ట్రక్టరు?" అనడిగాడు. ఖాజా భాయ్ నావైపు చూడకుండా చెయ్యి మాత్రం నావైపు చూపించారు. ఆ రోజు చాయ్ అందరికీ నేనే తెప్పించాను.

స్రవంతికి ఫోన్ చేసి, తప్పు మీది కాదని చెప్పడానికి ఇంకో రోజు పట్టింది. "అయితే ఆ మూడు రోజులూ నన్ను ఉత్తినే తిట్టారన్నమాట!" అని నవ్వి, వాళ్ల హాస్టల్ నుంచి ఇద్దరమ్మాయిలను నా బ్యాచ్‌లో చేర్పించింది.

బుడ్డది ఆ తర్వాత నేను మానేసేదాకా నడిచింది. కొత్తవాటితో పోలిస్తే ఎలా ఉందని ఎవరైనా అడిగితే అప్పుడూ ఇప్పుడూ నా జవాబు ఒక్కటే. నగరంలో నేర్చుకోవడానికి, ఇరుకు సందుల్లో తిరగడానికి వాటికి తీసిపోదు, కొన్నిటిలో మెరుగు. హైవే మీదికైతే ఎయిర్‌బ్యాగులున్నదే తీసుకోండి.

ఆ ఏడు నుంచి మా స్కూల్లో ఏ బండి గురించి రాసినా గళ్లలో ఒకటి అదనంగా ఉండేది: ఎడమ సీట్లో ఎవరు, కాళ్లకు ఏం వేసుకున్నారు. కొత్త ఇన్‌స్ట్రక్టర్ చేరితే మొదటి వారం పెడల్ మీద అగ్గిపెట్టె పెట్టేవాళ్లం. నా తర్వాత వచ్చిన అమ్మాయికి దాన్ని నేనే పెట్టాను. మొదటి రోజే నలిగింది.